ల్యాప్‌టాప్‌కి బొట్టు పెట్టిన పాపం

చందనం గురించి నా దగ్గర ఎవరూ మంచిగా మాట్లాడకండి. చల్లదనమనీ సువాసననీ శుభమనీ మీరంటారు. ఉసిరికాయంత ముద్ద చాలు, అది ఒక గవర్నమెంటు ల్యాప్‌టాప్‌ని మూర్ఛలో ముంచి, ఒక డైరెక్టరుగారి మొహాన్ని చారలు చారలు చేసి, ఒక సంసారాన్ని ఇంకో ఏడాదిపాటు రెండూళ్ళలో ఉంచేస్తుంది. ఆ సంసారం నాదే. ఆ ముద్ద పెట్టిన చెయ్యీ నాదే. తిట్టుకుందామన్నా వేరే మనిషి దొరకలేదు కాబట్టి, మీ ముందు కూర్చుని నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

నా పేరు వి. రాంబాబు. సొంతూరు యానాం. పుదుచ్చేరిలో, లాస్‌పేటలో ఉన్న ఒక ప్రభుత్వ కార్యాలయంలో అప్పటికి మూడేళ్ళుగా గుమాస్తాని. యానాంకీ పుదుచ్చేరికీ ప్రభుత్వం ఒక్కటే గానీ, మధ్యలో రెండు బస్సులూ ఒక రైలూ ఉన్నాయి. మా ఆవిడ పద్మ యానాంలోనే బడిపంతులమ్మ. పెళ్ళయిన దగ్గర్నుంచీ మేమిద్దరం ఒక పొయ్యి మీద వండుకుని తిన్నది పండగ సెలవుల్లోనే. అందుకని ఆ ఏడు యానాం ట్రాన్స్‌ఫర్ కోసం దరఖాస్తు పెట్టాను. అక్కడ ఒక ఖాళీ కూడా ఉంది. మా సూపరింటెండెంటు కస్తూరి మేడం సిఫారసు రాసి పైకి పంపితే, డైరెక్టరుగారు సంతకం పెడతారు. అంతే పని.

కస్తూరి మేడంది ముదలియార్‌పేట. ముత్తాతల నాడే వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఫైల్లో ఇంగ్లీషు. మాట మాటకీ తమిళపు 'పా' తగిలిస్తూ తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ తెలుగక్షరం ఒక్కటీ చదవలేదు.

"నీ పేపరు యాడికీ పోదు పా," అంది ఆవిడ. "దసరా అయినాక డైరెక్టరుకు మన సెక్షను పనంతా తెర మీద చూపించల్ల కదా, అది మంచిగా అయిపోనీ. ఆయన సంతోషంగా ఉండేటప్పుడు పెడతా. పావం, నీ పెండ్లాం ఆడ, నువ్వు ఈడ."

చూపించాల్సింది మా సెక్షన్ ల్యాప్‌టాప్‌లోంచి. దాని వయసు ఎవరికీ సరిగ్గా తెలియదు. కీబోర్డు మీద సగం అక్షరాలు అరిగిపోయాయి. మూత ఎత్తితే కిర్రుమంటుంది. కొత్తది కావాలని రాస్తే, పాతది పనికిరాదని సర్టిఫికెట్ తెమ్మన్నారు. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు వచ్చి చూసి, "ఇంకా వెలుగుతోంది కదా" అని వెళ్ళిపోయారు. మాలో కొందరికి పర్మనెంట్ కావడానికి పదేళ్ళు పట్టింది, దానికి పది నిమిషాలు పట్టింది.

దాని బాగోగులు చూసేవాణ్ణి నేను. ఎందుకంటారా? ఒకసారి ప్రింటర్లో ఇరుక్కున్న కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టి బయటికి లాగాను. ఆ రోజు నుంచి మా ఆఫీసులో నేను కంప్యూటర్ నిపుణుణ్ణి. "అబ్బే, నాకేం తెలీదండీ" అని ఆ రోజే అనుంటే ఈ కథ ఉండేది కాదు. అనలేదు. "మదర్‌బోర్డు మీద కొంచెం లోడ్ పడింది" అన్నాను.

ఇక ఆయుధ పూజ. ఈ ఊళ్ళో ఆఫీసులు దసరా సెలవులకి ముందురోజు కడిగి, తుడిచి, కనిపించిన ప్రతి వస్తువుకీ బొట్టు పెడతాయి. స్టాంపులు, స్టేప్లర్లు, బీరువాలు, ఆఖరికి ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోని ఫైళ్ళ కట్టలు కూడా ఆ ఒక్కరోజు ముత్తయిదువల్లా కళకళలాడతాయి. తర్వాత అందరికీ మరమరాలు, శనగలు, అరటిపండు. ఏర్పాట్లన్నీ మా అటెండరు సెల్వి అక్కవి. కురుచికుప్పంలో ఉంటుంది. వాళ్ళాయన చేపల పడవ నడుపుతాడు. ఆమె మాట్లాడేది తమిళమే. మూడేళ్ళ అలవాటు కొద్దీ నాకది తెలుగులోనే వినిపిస్తుంది కాబట్టి అలాగే రాస్తున్నాను.

"సార్, దానికి మూత మీద ఒక్క బొట్టు చాలు," అంది సెల్వి అక్క, నేను చందనం గిన్నె అందుకోగానే.

"ఒక్కటా! మా యానాంలో పూజంటే ఇలా కక్కుర్తిగా చెయ్యరక్కా," అన్నాను.

అవును మరి, నా ట్రాన్స్‌ఫర్ దాని చేతిలో ఉంది. దాన్ని ప్రసన్నం చేసుకోకపోతే ఎలా? మూత మీద మూడు బొట్లు పెట్టాను. మూలకొకటి పెట్టాను. అప్పుడు పక్కన వరసగా ఉన్న సన్నటి చీలికలు కనిపించాయి, బొట్టు లేని నుదుళ్ళలా. మనసు ఊరుకోలేదు. ఒక్కోదానికీ చిక్కటి చందనం నిండుగా మెత్తి, పైన కుంకుమ అద్దాను. తిరగేస్తే అడుగున ఇంకో వరస! దానికీ అదే మర్యాద చేశాను. చేతులు జోడించి, "తల్లీ, నన్ను యానాం చేర్చు" అని మొక్కాను. ఆ చీలికలు అక్కడెందుకున్నాయో నిపుణుడికి తట్టలేదు.

సెలవులయ్యాక సోమవారం తెరిచాను. పది నిమిషాలు బుద్ధిగా పనిచేసింది. పదకొండో నిమిషంలో మౌసు బాణం తెర మధ్యలో నిలబడిపోయింది. కాసేపటికి తెరంతా నిలువు చారలు. దాంతోపాటు గది నిండా కమ్మటి వాసన.

"ఏంది పా, గుడిలో మాదిరి వాసన వస్తా ఉండాది?" అంది మేడం ముక్కు ఎగబీలుస్తూ.

"పూజ మహత్యం మేడం. ఇంకా పోలేదు చూడండి."

"నీ చెయ్యి మంచి చెయ్యి పా. సరే, అది ఎందుకు నిలిచిపోయింది?"

"గ్రాఫిక్స్ మేడం."

"అంటే ఏంది?"

అంటే ఏమిటో నాకూ తెలియదు. "లోపల ఉంటుంది మేడం," అన్నాను గంభీరంగా.

ఆ వారమంతా ఆ ముసలి ప్రాణాన్ని నేను పెట్టిన హింస ఇంతా అంతా కాదు. ఇంటర్నెట్‌లో చూసి గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది ఎక్కించాను. చారలు వచ్చాయి. కొత్తది తీసేసి పాతది ఎక్కించాను. చారలతోపాటు ఆకుపచ్చ చుక్కలు వచ్చాయి. సేఫ్ మోడ్‌లో తెరిస్తే ఇంకో పది నిమిషాలు ఎక్కువ బతికింది. అప్పుడైనా ఆలోచించాలా? ఆలోచించలేదు. ఇంకో తెర తెచ్చి తగిలించాను. ఆ తెర మీదా అవే చారలు. "హమ్మయ్య, తెర తప్పు కాదు, గ్రాఫిక్స్ చిప్పే పోయింది" అని, రోగికి రోగం తేల్చేసిన డాక్టర్లా సంతోషపడ్డాను. చెయ్యి ఆనితే కాలుతోందన్న సంగతి గమనించకపోలేదు. ముసలిది కదా, జ్వరం సహజమేననుకున్నాను.

సాయంత్రం ఫోన్లో పద్మకి చెప్పాను.

"ఏవండీ, అది వేడెక్కిపోతోందేమో చూశారా?" అంది. "మా బళ్ళో కంప్యూటరూ ఇలాగే ఆగిపోతుంటే, ఫ్యాను దగ్గర దుమ్ము దులిపారు. తెల్లారేసరికి బాగైపోయింది."

"పద్మా, ఇది బళ్ళో కంప్యూటర్ కాదు. ఇది గ్రాఫిక్స్ సమస్య. నీకు అర్థం కాదు."

"అలాగేలెండి, నాకేం తెలుసు. ఆ ట్రాన్స్‌ఫర్ ఒక్కటీ తెచ్చుకోండి, చాలు," అంది. గొంతులో నిష్ఠూరం వినపడింది. నాకు నిజంగా దిగులేసింది.

మీటింగ్ ఆ తర్వాతి వారం, గురువారం. మంగళవారం మేడం ముందు నమూనాగా చూపించాను. మూడో బొమ్మలో డైరెక్టరుగారు రిబ్బను కత్తిరిస్తూ ఉంటారు. సరిగ్గా అక్కడే ఆగింది. ఆయన మొహం నాలుగు ముక్కలై, ఒక ముక్క రిబ్బను మీదికి జారింది.

"అయ్యయ్యో! డైరెక్టరు మూతి యాడ పా?" అని కేకేసింది మేడం.

"కింద ఉంది మేడం, కత్తెర పక్కన."

"నవ్వొద్దు రాంబాబూ. గురువారం ఇట్లే అయితే నేను ఆయన ముందర నీ పేరే ఎత్తలేను. నీ పేపరు ఇంక ఒక సంవత్సరానికి మర్చిపో."

బుధవారమంతా ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చాను. పూజలో ఏదో లోపం జరిగింది. అడుగు వరసలో చివరి రెండు చీలికలకి బొట్టు చాల్లేదు! వెంటనే సెల్వి అక్క అలమరలోంచి చందనం తీసి, అరగదీసి, ఆ రెండింటినీ కూడా నింపేశాను. అప్పటిదాకా పది నిమిషాలు పనిచేస్తున్నది ఆ తర్వాత మూడు నిమిషాలకే ఆగిపోయింది. వాసన మాత్రం అద్భుతం.

గురువారం పొద్దున్నే తల పట్టుకుని బల్ల ముందు కూర్చున్నాను. సెల్వి అక్క గుడ్డ పట్టుకుని వచ్చింది.

"ఏం సార్, ఒంట్లో బాలేదా?"

"నాకు బానే ఉందక్కా, దీనికే."

బల్ల తుడవడానికని ఆమె ల్యాప్‌టాప్ ఎత్తింది. వేడికి చెయ్యి వెనక్కి లాక్కుంది. మళ్ళీ గుడ్డతో పట్టుకుని తిరగేసి చూసింది. చాలాసేపు చూసింది.

"సార్, ఇది గాలి ఎక్కణ్ణుంచి పీలుస్తుంది?"

"గాలేంటి?"

"మా ఆయన బోటు ఇంజనుకి పూజ చేస్తాడు కదా. బొట్టు మూత మీదే పెడతాడు. గాలి పీల్చే చోట పెడితే నడి సముద్రంలో ఆగిపోతుందంటాడు. దీని ముక్కుల నిండా మీరు చందనం కూరేశారే!"

సెల్వి అక్క దాన్ని ఆపించి, చీపురుపుల్ల ఒకటి విరిచి, ఓపిగ్గా ఒక్కో చీలికా గోకింది. పెళుసు పెళుసుగా చందనం రాలింది, దాని వెనకాల ఏళ్ళనాటి దుమ్ము కూడా. బల్ల మీద చిన్న కుప్ప అయ్యింది. ఆన్ చేస్తే ఫ్యాను బుస్సుమని తిరిగింది. అన్నాళ్ళూ ఆ చప్పుడే లేదని అప్పుడు గుర్తొచ్చింది. అరగంట నడిపి చూశాం, ఒక్క చార లేదు.

"అక్కా, నీకు పుణ్యముంటుంది, ఈ సంగతి ఎవరితోనూ అనకు," అన్నాను.

"నేనెందుకంటాను సార్? కానీ మీరే చెప్పెయ్యండి. నవ్వేసి వదిలేస్తారు."

చెప్పేద్దామనే అనుకున్నాను, ఒట్టు. ఇంతలో మేడం వచ్చింది. "బాగైపోయిందా! ఏంది చేసినావు పా?" అంది కళ్ళు పెద్దవి చేసి. ఆ కళ్ళు చూడగానే నా నోటికి పాత దురద పుట్టింది.

"గ్రాఫిక్స్ చిప్పుని పూర్తిగా రీసెట్ చేశాను మేడం. చాలా సున్నితమైన పని. బయట ఇంకెవరూ చెయ్యలేరు."

పక్కనే చీపురుపుల్ల పట్టుకుని నిలబడ్డ సెల్వి అక్క దగ్గింది.

మీటింగ్ దివ్యంగా జరిగింది. డైరెక్టరుగారి మూతి డైరెక్టరుగారి మొహం మీదే ఉంది. ఆయన పరమానందంతో, "ఈ పాత ల్యాప్‌టాప్ ఇంత బాగా ఎలా పనిచేస్తోంది?" అని అడిగారు. మేడం నన్ను ముందుకు తోసింది. నేను ఇంకో పావుగంట చెప్పాను. ఏం చెప్పానో నాకే తెలియదు, కానీ ఆయన రెండుసార్లు తలూపారు.

మర్నాడు మేడం పిలిచింది. "నీ పేపరు నేను సంతోషంగా పంపినా పా. నీ గురించి ఎంత మంచిగా రాసినానో! కానీ చూడు, డైరెక్టరు ఏంది రాసినాడో." ఫైలు నా వైపు తిప్పింది. ఇంగ్లీషులో ఉన్నదానికి అర్థం ఇది: ఇంత పనిమంతుణ్ణి యానాం పంపి ఇక్కడ మనమేం చేస్తాం? ఇతన్ని వదలడానికి వీల్లేదు. యానాం ఖాళీలోకి కంప్యూటర్ రానివాళ్ళు ఎవరైనా ఉంటే పంపండి.

"మేడం!" అన్నాను, ఏడుపొక్కటే తక్కువ. "అది నేను బాగుచెయ్యలేదు మేడం. పాడుచేసిందే నేను. రంధ్రాల్లో చందనం పెట్టాను."

"ఊరుకో పా. యానాం కోసరం ఇట్లంతా చెప్తారా!"

"కావాలంటే సెల్వి అక్కని అడగండి. పుల్లతో గోకి తీసింది ఆవిడే!"

సెల్వి అక్కని పిలిచారు. ఆమె నన్ను చూసి, మేడంని చూసి, ఇచ్చిన మాట నిలబెట్టుకుంది. "చందనమా? నేనేం చూడలేదమ్మా," అంది.

ఆ సాయంత్రం పద్మకి మొత్తం చెప్పాను.

"ఫ్యాను దగ్గర చూడమని చెప్పానా?" అంది.

"చెప్పావు."

"వచ్చే ఏడు దరఖాస్తు పెట్టేటప్పుడు, దయచేసి ఏమీ రానట్టు ఉండండి. మీకది కష్టమేం కాదు."

అప్పుడు ఒక కాగితం తీసి, శుభ్రమైన తెలుగులో ప్రమాణం రాసుకున్నాను: "నేను, వి. రాంబాబు, సర్వ ఆయుధాల సాక్షిగా, గాలి పీల్చే దేనికీ నా చేత్తో చందనం పుయ్యను. తెలియనిది తెలుసనను." దాన్ని ల్యాప్‌టాప్ అడుగున, ఆ చీలికల పక్కనే అతికించాను.

మరుసటేడు ఆయుధ పూజకి చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాను. గిన్నె మేడం అందుకుంది. ల్యాప్‌టాప్ తిరగేసి నా కాగితం చూసింది.

"ఏంది పా ఇది, తెలుగులో మంత్రమా?" అంటూ కళ్ళకద్దుకుని, ఆ మంత్రం మీదా, దాని చుట్టూ ఉన్న రంధ్రాల మీదా ఉసిరికాయంత చందనం ముద్ద భక్తిగా పూసింది. సెల్వి అక్క నా వైపు చూసింది. నేను నోరు తెరిచాను. పద్మ మాట గుర్తొచ్చి మూసేశాను. యానాంలో ఆ ఖాళీ ఇంకా నిండలేదు, ఆ వారమే మళ్ళీ దరఖాస్తు పెట్టాను.

పది రోజుల తర్వాత మేడం పరుగున వచ్చింది. "రాంబాబూ, మళ్ళా నిలిచిపోయింది పా! రీసెట్ చెయ్యి!"

"నాకు చేతకాదు మేడం," అన్నాను. రెండు వారాలపాటు అదే మాటన్నాను.

చివరికి విసిగిపోయి మేడం ఫైల్లో ఇలా రాసింది: ఇతనికి కంప్యూటర్ బొత్తిగా రాదు, యానాం పంపడానికి అభ్యంతరం లేదు. డైరెక్టరుగారు కింద సంతకం పెట్టారు. నేను ఊరు దాటాక చీపురుపుల్ల సంగతి మేడం చెవిన వెయ్యమని సెల్వి అక్కని బతిమాలి మరీ రైలెక్కాను.

నా ఉద్యోగంలో నా గురించి ఫైల్లో రాసిన ఒకే ఒక్క నిజం అది. దాని జిరాక్సు ఫ్రేము కట్టించి యానాంలో మా ఇంటి గోడకి తగిలించాం. ఏటా ఆయుధ పూజనాడు పద్మ నవ్వుతూ దానికి బొట్టు పెడుతుంది. నేను మాత్రం గిన్నె ముట్టుకోను. ప్రమాణం ప్రమాణమే.