మంచు తల్లి నోట ఆమెన్

గుడ్ ఫ్రైడే నాడు, నిండిన చర్చిలో, పాస్టరు గారి కళ్లెదుట, మైకు పట్టుకుని నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. చెబుతాను, నవ్వుకోండి. మా చర్చివాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. మీరు నలుగురు వచ్చి కలిసినా నాకు కొత్తగా పోయే పరువేమీ లేదు. అప్పటికి నాకు అరవై దాటాయి. కుర్రతనం అనుకోండి.

నా పేరు సారమ్మ. అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో, చుట్టూ హాస్టళ్లు, మధ్యలో మా ఇల్లు. అక్షరాలు నాకు కళ్లజోడుతో పాటే వచ్చాయి. బైబిలు నేనే చదువుకోవాలన్న పంతంతో, ముసలితనంలో మా కోడలి దగ్గర నేర్చుకున్నాను. ఆలస్యంగా వచ్చిన చుట్టం ఎక్కువ హడావిడి చేసినట్టు ఆ అక్షరాలు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. బస్సు బోర్డులు, మందు సీసాలు, గోడల మీద కోచింగ్ ప్రకటనలు, ఏది కనబడినా వాక్యం చదివినట్టు రాగం తీసి పైకి చదివేదాన్ని. షేర్ ఆటోలో పక్కవాళ్లు చేతులు జోడించాలో వద్దో తెలియక నా వంక చూసేవారు.

ఆ ఏడాది పాస్టరు గారు నాకు ఏడు మాటల్లో ఒక మాట ఇచ్చారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. సిలువ మీద ప్రభువు పలికిన మాటలు ఏడు. గుడ్ ఫ్రైడే ఆరాధనలో ఒక్కో మాట మీద ఒక్కొక్కరు లేచి మాట్లాడతారు. హెడ్మాస్టర్లకూ, బ్యాంకు ఆఫీసర్లకూ దక్కే గౌరవం అది. వేలిముద్ర వేసి బతికిన నాకు దక్కింది. నాది ఐదో మాట, 'దప్పిగొనుచున్నాను' అన్న దాహం మాట. ఏడింటిలోకీ చిన్నది.

"నీకు ఇబ్బంది కావద్దని చిన్నదే ఇచ్చిన సారమ్మా" అన్నారు అయ్యగారు. మేము పాస్టరును అయ్యగారనే అంటాం.

"చిన్నదైతేంది అయ్యగారూ, గంట చెప్త."

ఆయన ముఖం పాలిపోయింది. "పది నిమిషాలు" అన్నారు.

ఇక రెండో సంగతి. పంజాగుట్టలో ఒక డబ్బింగ్ స్టూడియోలో నేను టీ పెట్టి, ఊడ్చేదాన్ని. పైదేశాల సీరియళ్లకు అక్కడ తెలుగు మాటలు పెడతారు. అప్పుడు నడుస్తున్నది దేవుళ్ల సీరియల్. లోకంలోని పాత దేవుళ్లంతా ఒక ఊరికి వచ్చి కొట్టుకుంటారు. ఒకాయనకు నక్క తల. ఒకాయన చేతిలో పిడుగు. సముద్రం దేవుడు ఎప్పుడు చూసినా తడిసే ఉంటాడు, ఒక్కసారీ తువ్వాలు అడగడు. మంచు దేశం దేవతకు అంత చలిలో చేతుల్లేని జాకెట్టు. జ్వరం తగ్గించమనీ, పిల్లోడికి ఉద్యోగం రావాలనీ వాళ్లను అడిగేవాళ్లే లేరు. ఖాళీగా ఉండి మేడలు కూలగొడుతుంటారు. మధురానగర్‌లో పాత ఇళ్లు పడగొట్టేవాళ్లకు వీళ్లలో ఒకరు దొరికితే మిషను ఖర్చు తప్పేది.

సౌండ్ ఇంజనీరు ఖలీల్‌ను ఒకసారి అడిగాను. "దేవుళ్లను గిట్ల కొట్టుకునేటోళ్లను చేస్తే వాళ్ల భక్తులు ఊకుంటరా?"

"భక్తులు లేరు గాబట్టే తీసిండ్రు నానీ" అన్నాడు. నన్ను అతను నానీ అని, అంటే అమ్మమ్మా అని, పిలుస్తాడు. "మొక్కేటోళ్లున్న దేవుళ్ల జోలికి పోతే మన ఆఫీసుకు అద్దాలు మిగల్తయా?"

ఆ మంచు దేవతకు గొంతిచ్చే అమ్మాయికి ఉన్నట్టుండి గొంతు పోయింది. పని ఆగిపోయింది. మాటలు రాసే మూర్తి గారు, రాజమండ్రి ఆయన, తల పట్టుకుని కూర్చుంటే నేను వంటగదిలో పాల ప్యాకెట్ మీద రాసింది చదువుకుంటున్నాను. ఆయన పరుగున వచ్చారు.

"ఏంటండీ ఆ గొంతు, సారమ్మ గారూ. పాల ప్యాకెట్ చదువుతుంటే ప్రళయం వస్తుందేమో అనిపించింది. ఆ మంచు తల్లికి మీరు చెప్పండి."

అక్కడ వద్దనాలి. ఆ ముందు ఆదివారమే అయ్యగారు ఇలాంటి సీరియళ్ల మీద నిప్పులు చెరిగారు. పరదేవతలను ఇంట్లోకి పిలిచి కుర్చీ వేస్తున్నారని అందరినీ కోప్పడ్డారు. నేను వాళ్లలో ఒకరికి గొంతే ఇచ్చానని తెలిస్తే నా ఐదో మాట గాల్లో కలిసిపోతుంది. ఇదంతా నాకు తెలుసు. గుర్తొచ్చే సరికి మైకు ముందు కూర్చుని ఉన్నాను.

"మా చర్చిల ఎవ్వరికీ చెప్పొద్దు సారూ."

"తెర మీద పేర్లలో మీ పేరు వేయం లెండి" అన్నారు మూర్తి గారు.

మూర్తి గారి దేవుళ్లు ఏ దేశం వాళ్లైనా అందరూ ఒకే బడిలో చదువుకున్నట్టు మాట్లాడతారు. నక్క తలవాడు "ఓయీ మానవా" అంటాడు, పిడుగువాడూ అదే అంటాడు. మా మంచు తల్లి నిద్ర లేస్తూ అనే మాట ఇది: "భూలోకవాసులారా, నా నిద్రకు భంగం కలిగించినది ఎవరు?" గ్లాసులు కడుగుతూ అదే, ఆటోలో అదే. మా కోడలు పొద్దున్నే కుక్కర్ పెడితే ఆమెనూ అదే అడిగాను.

తర్వాత ఆశీర్వాదం సీను వచ్చింది. మంచు తల్లి ఒక యోధుడి తల మీద చెయ్యి పెట్టి "నీ వంశం వర్ధిల్లుగాక" అంటుంది. మాట కంఠతా వచ్చింది, కాగితం చూడనక్కర లేదు. భక్తిగా కళ్లు మూసుకుని పలికాను. వెంటనే నా నోరు దానంతట అదే "ఆమెన్" అంది. దీవెన చెవిన పడితే నా నోరు నా అనుమతి అడగదు. అద్దం అవతల ఖలీల్ తల వంచి "ఆమీన్" అన్నాడు. బొటనవేలు ఎత్తాడు.

"గామె పెదాలకు మస్తు కూసుంది నానీ."

మూర్తి గారు ఫోను మాట్లాడుకుంటూ బయట ఉన్నారు. మేమిద్దరం అంత భక్తిగా ముగించాక తప్పు పట్టేవాళ్లెవరు?

అది అలాగే ప్రసారమైంది. మర్నాడు మూర్తి గారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. "ఆమెన్ ఏంటండీ? అక్కడ నేను తథాస్తు అని రాశాను కదా."

"మంచు దేశపామెకు తథాస్తు ఎట్ల తెల్సు సారూ?"

ఆయన ఖలీల్ వైపు తిరిగారు. "నువ్వైనా చూసుకోవద్దా?"

"ఆమీన్ల గల్తీ ఏముంది సార్?" అన్నాడు ఖలీల్, నిజంగానే అర్థం కాక.

అంత దూరం నుంచి ఒంటరిగా వచ్చిన ఆ దేవతను మేము ముగ్గురం మూడు మతాల్లో కలుపుకున్నామన్నమాట.

మా చర్చిలో ఈ సీరియల్ చూసేవాళ్లు ఉండరు, అయ్యగారు వద్దన్నారు గదా, అని నా ధైర్యం. భయం ఒక్క సుగుణమ్మతోనే. స్త్రీల సమాజానికి కార్యదర్శి. నాకు వచ్చిన ఐదో మాట మీద ఆమెకు ముందు నుంచీ కన్ను.

"మైకుల మాట్లాడాలె సారమ్మా, భయమైతలేదా?" అంది.

"మైకు నాకు కొత్తనా" అని నోరు జారాను.

"ఎక్కడ అలవాటైంది?"

"కూరగాయల బండోడి దగ్గర" అన్నాను. ఇంతకన్నా మంచి అబద్ధం నాకు ఆ క్షణంలో దొరకలేదు.

గుడ్ ఫ్రైడే వచ్చింది. తెల్ల చీర కట్టాను. మధ్యాహ్నపు ఎండ, తిరిగీ తిరగని ఫ్యాన్లు. నాలుగో మాట చెప్పిన రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ముగించేసరికి ముందు వరుసలో దానియేలు తాత హాయిగా గురక పెడుతున్నాడు. నన్ను పిలిచారు. వెళ్లి మైకు పట్టుకున్నాను. ఆ చల్లటి ఇనుము చేతికి తగలగానే కళ్లు మూతపడ్డాయి. వారాల తరబడి నాకు మైకంటే మంచు తల్లే. కడుపులోంచి గొంతు లేచింది.

"భూలోకవాసులారా, నా నిద్రకు భంగం కలిగించినది ఎవరు?"

దానియేలు తాత ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. "నేను గాదు" అన్నాడు.

ఇదేదో ఉపమానమని చెప్పి తప్పించుకుందామని నోరు తెరిచేలోపు ఆడవాళ్ల వైపు నుంచి సుగుణమ్మ గుసగుస వినబడింది. ఆమె గుసగుస పంజాగుట్ట దాకా వినబడుతుంది.

"నేను చెప్పలే? గా మంచు దేవత గొంతు ఈమెదే. ఏడో ఎపిసోడ్ల గిదే మాట."

"ఎనిమిది" అని మగవాళ్ల వైపు నుంచి ఎవరో సవరించారు.

అయ్యగారు ముఖం చేతుల్లో దాచుకుని ప్రార్థిస్తున్నారు. ఆ భుజాలు ఎందుకు ఊగుతున్నాయో అప్పుడు నాకు తెలియలేదు. దుఃఖమనుకున్నాను. రాసుకున్న ప్రసంగంలో ఒక్క ముక్క గుర్తు లేదు. నాలుక ఎండి అంగిలికి అంటుకుపోయింది.

"ప్రభువుకు దాహమైంది" అన్నాను. "నాకు సుత అయితున్నది. జర నీళ్లియ్యుండ్రి."

దిగిపోయాను. ఆ చర్చిలో అంత మంచి ప్రసంగం వినలేదని చాలామంది తర్వాత చెప్పారు. పొడుగు చూసి అన్నారు.

ఆరాధన అయ్యాక అయ్యగారు గదిలోకి పిలిచారు. పోయింది నా మాట, అనుకుంటూ వెళ్లాను.

"వచ్చే ఏడాది ఐదో మాట సుగుణమ్మకిస్తున్న" అన్నారు గంభీరంగా.

"సరే అయ్యగారూ."

"నీకు ఆఖరి దీవెన తర్వాత ఆమెన్ ఒక్కటి ఇస్తున్న. అది నీకు అలవాటే గద."

ఏడు మాటల్లో నాదే చిన్నదనుకున్నాను. అంతకన్నా చిన్నది ఉందని ఆ రోజు తెలిసింది. తల వంచుకుని గేటు దాకా వచ్చాక ఆగిపోయాను. ఆమెన్ సంగతి నేను అయ్యగారికి చెప్పలేదు. సుగుణమ్మ కూడా ఆ ఊసెత్తలేదు. వెనక్కి వెళ్లి తలుపులోంచి తొంగి చూశాను.

"అయ్యగారూ, మీరు సుత చూస్తరా?"

ఆయన బైబిలు మీంచి తల ఎత్తలేదు. "తలుపు దగ్గరికేసి పో సారమ్మా" అన్నారు.

బైబిలు ప్రకారం మేము ఒట్లు పెట్టుకోకూడదు. కాబట్టి ఇంటికొచ్చి, స్త్రీల సమాజం పద్ధతిలో తీర్మానం చేసి మా కోడలికి చదివి వినిపించాను. ఇకమీదట మైకు పట్టుకునే ముందు సారమ్మ అనే నేను కళ్లు తెరిచి చుట్టూ చూసి, అది ఏ దేవుడి ఇల్లో తేల్చుకున్న తర్వాతే నోరు విప్పుతానని ఇందుమూలంగా తీర్మానించడమైనది.

కోడలు బియ్యం ఏరుతూ విని, "ఆమెన్ అను అత్తమ్మా, అయిపోతది" అంది.

అననన్నాను. అది ఇప్పుడు నాకిచ్చిన మాట. వచ్చే గుడ్ ఫ్రైడే రాకముందే వాడేసుకుంటే ఎట్లా?