చదవని నూట అరవై మూడు

"...అంటే నా పనితనమే పోయిందంటావు!"

"పనితనం మాట ఎవరెత్తారక్కా? జనం రావట్లేదన్నాను. రెండేళ్లుగా రావట్లేదు. బాబాయికి పని ఎక్కణ్ణుంచి తెమ్మంటావు?"

"మెల్లగా. ఆయన లోపలే ఉన్నాడు."

"ఆయనకి తెలీదా ఏంటి? ఒకటో తారీఖు నుంచి రావద్దని మొన్న నువ్వేగా చెప్పావు. ఇప్పుడు నా మీద విరుచుకుపడితే ఏం లాభం?"

చెక్క అడ్డుగోడకి ఇవతల, కంప్యూటరు ముందు కూర్చున్న వెబ్‌సైటాయన మౌసు మీంచి చెయ్యి తీసేశాడు. గోడ అవతల పెట్టుడు కాళ్లు తయారవుతాయి. అక్క కాలు బిగించి నడిపిస్తుంది. తమ్ముడు తోలు పట్టీలు కుడతాడు. బాబాయి ప్లాస్టర్ అచ్చులు తీస్తాడు. పద్నాలుగేళ్లుగా వాళ్ల వెబ్‌సైటు చూసేది ఈయనే.

నాలుగుసార్లు మార్చాడు దాన్ని. మొదటిసారి పేజీ అంతా గళ్లు గళ్లుగా కట్టాడు. పైన ఎర్రక్షరాలు కుడి నుంచి ఎడమకి పరిగెత్తేవి, అడుగున ఎంతమంది చూశారో అంకెలు తిరిగేవి. అప్పట్లో అదే గొప్ప. తర్వాత బొమ్మలు వాటంతటవే జరిగే రోజులొచ్చాయి. మూడోసారి, వివరాలు నింపి పంపే ఫారం పెట్టాడు. రెండేళ్ల కిందట, అందరూ ఫోన్లోనే చూస్తున్నారని అన్నీ పీకేసి, తెల్లటి పేజీలో వాట్సాప్ బటన్ ఒక్కటి మిగిల్చాడు.

పీకేశాడే గానీ పారెయ్యలేదు. అది ఆయన అలవాటు. కొత్త పేజీ పెట్టినప్పుడల్లా పాతదాన్ని సర్వర్లో ఓ మూల ఉంచేవాడు, ఎప్పుడైనా పనికొస్తుందని. "ఇంట్లో విరిగిన గొడుగే పారెయ్యని మనిషి, అక్కడ మాత్రం ఏం పారేస్తారు?" అనేది భార్య.

ఇవాళ సైటుని వేరే సర్వర్‌కి మార్చడానికి వచ్చాడు. పాత ఖాతాలు ఒక్కొక్కటీ మూసేస్తుంటే, ఆ మూడో సైటు ఫారం కోసం తెరిచిన మెయిల్ కనిపించింది. వాట్సాప్ బటన్ వచ్చాక దాన్నెవరూ తెరవలేదు. చదవనివి నూట అరవై మూడు.

ఏం జరిగిందో అర్థం కావడానికి ఆయనకి నిమిషం పట్టలేదు. గూగుల్లో వెతికినవాళ్లకి పాత పేజీ ఇంకా కనిపిస్తోంది. వాళ్లు ఫారం నింపుతున్నారు. నింపగానే, 'మీ వివరాలు అందాయి. రెండు రోజుల్లో ఫోన్ చేస్తాం' అని జవాబు పోతోంది. ఆ రెండు వాక్యాలూ రాసింది ఆయనే.

ఒక తల్లి మూడుసార్లు రాసింది. మొదట: పాప పొడుగయింది, కాలు పొట్టిదయింది, ఎప్పుడు రమ్మంటారు? తర్వాత: అంగుళమున్నర తేడా వచ్చింది, నడుము నొప్పంటోంది. మూడోది: మీరు ఫోన్ చేస్తామన్నారని శనివారమంతా ఇంట్లోనే ఉన్నాం.

ఆయనకి ఇంకోటి గుర్తొచ్చింది. ఏడాది కిందట బాబాయి అడిగాడు, ఎవరో ఫారం నింపామంటున్నారు నాయనా, మనకేం రాలేదే అని. "ఇప్పుడు ఫారమే లేదు బాబాయ్, వేరేవాళ్ల సైటు చూసుంటారు" అనేశాడు. తిరిగి చూడలేదు.

ఈ మెయిల్ కూడా మూసేస్తే అన్నీ పోతాయి. ఎవరికీ తెలిసే దారి లేదు. మూయమంటారా అని తెర అడుగుతూనే ఉంది.

బాబాయి రెండు టీ గ్లాసులతో వచ్చాడు. మోచేతుల దాకా తెల్లటి ప్లాస్టర్.

"ఏం నాయనా, అలా బిగుసుకుపోయావు? మా సైటుకి కూడా కాలు విరిగిందా?"

ఆయన నవ్వలేకపోయాడు.

"నాకు ఒకటో తారీఖు నుంచి సెలవులు, విన్నావా? ఈ తెలుపు వదిలితే గానీ మొగుడు నల్లగా ఉంటాడని మా ఆవిడకి గుర్తురాదు." గ్లాసు ఆయన చేతికిచ్చి, "తాగు, చల్లారిపోతుంది" అన్నాడు.

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టేసి లేచాడు. అడ్డుగోడ దాటి, అక్క ముందు నిలబడ్డాడు.

"మేడమ్, జనం రావడం మానలేదు. నావల్ల ఆగిపోయారు."

నీళ్లు నమలకుండా మొత్తం చెప్పాడు. బాబాయి అడిగిందీ, తను కొట్టిపారేసిందీ కూడా. తమ్ముడి చేతిలో సూది అలాగే ఆగింది. అక్క ఇవతలికొచ్చి కుర్చీలో కూర్చుంది. ఒక్కొక్కటే తెరిచి చదివింది. కొన్ని పేర్ల దగ్గర, "ఈయన కాలు మనం చేసిందే" అంది. ఆ తల్లి రాసిన మూడోది రెండుసార్లు చదివింది.

"వీళ్లందరికీ నేనే ఫోన్ చేసి చెప్తాను మేడమ్, తప్పు నాదని," అన్నాడాయన.

"ఏడాది కిందట బాబాయి అడిగినప్పుడు ఒక్కసారి తెరిచి చూడాల్సింది."

"అవును."

ఆమె ప్రింటర్ ఆన్ చేసింది. కాగితాలు ఒకటొకటే పడుతుంటే తీసి బాబాయి చేతిలో పెట్టింది. ఆయన ప్లాస్టర్ అంటకుండా వాటిని చొక్కా అంచుతో పట్టుకున్నాడు.

"బాబాయ్, ఒకటో తారీఖున మామూలుగానే రా. ఫోన్లు మనమే చేద్దాం, ఈ పాపతో మొదలుపెట్టి." అప్పుడు వెబ్‌సైటాయన వైపు తిరిగింది. "ఆ పాత పేజీ ఇప్పుడే తీసేసి, పాస్‌వర్డులన్నీ తమ్ముడికి రాసివ్వండి. రేపట్నుంచి సైటు వేరేవాళ్లు చూస్తారు."