స్టీరింగ్‌కి కట్టిన ఎర్ర ట్యాగు

ఉన్నదాన్ని ఉన్నట్టు ఉండనివ్వడం నాకు చేతకాదు. టర్బో ఇంజిన్ ఉన్న చిన్న కారు కొన్న రెండో నెల నుంచే, దాని బలం ఎలా పెంచాలా అని కాలు కాలిన పిల్లిలా తిరిగాను. అన్నం తింటూ ఫోన్‌లో అదే చూసేవాణ్ణి. మా ఆవిడ కూర ఎలా ఉందంటే, ఏ కూర అనేవాణ్ణి.

రెండు దారులు కనిపించాయి. ఒకటి చిన్న పెట్టె. సెన్సారుకీ ఇంజిన్ కంప్యూటరుకీ మధ్య తగిలిస్తే, గాలి ఒత్తిడి తక్కువగా ఉందని కంప్యూటరుకి అబద్ధం చెబుతుంది. కంప్యూటరు అది నమ్మి టర్బో చేత ఇంకాస్త గాలి తోయిస్తుంది. వద్దనుకున్న రోజు పీకేయొచ్చు. రెండోది రీమ్యాప్, అంటే కంప్యూటరులోని లెక్కల్నే తిరగరాయడం. బండి ఇంకా బాగా లాగుతుంది, క్లచ్ మీద భారమూ ఎక్కువే. నెలల తరబడి ఊగిసలాడి రీమ్యాప్‌కే మొగ్గాను. అబద్ధం చెప్పే పెట్టె నాకు నచ్చలేదు. నేను నిజాయితీపరుణ్ణని అప్పటికి నా నమ్మకం.

నేను ఉక్కు ప్లాంటులో, ఇనుముని రేకులుగా సాగదీసే రోలింగ్ మిల్లులో మెయింటెనెన్స్ ఇంజనీరుని. మిషన్ మీద చెయ్యి వేసేముందు దాన్ని నడిపేవాడికి చెప్పాలి, ఎవరూ ఆన్ చెయ్యకుండా స్విచ్‌కి మన పేరు రాసిన ఎర్ర ట్యాగు కట్టాలి. కట్టినవాళ్ళే విప్పాలి. ఎంత పెద్ద మేనేజరైనా ముట్టుకోకూడదు. పనయ్యాక నడిపేవాడి ఎదురుగానే ట్రయల్. కొత్తగా చేరినవాళ్ళకి ఇదంతా నూరిపోసేది నేనే.

మా కారు రోజూ నడిపేది మా ఆవిడ. నది మీది వంతెన దాటి, అవతల మాంగో అనే పేటలో స్కూల్లో పాఠాలు చెప్పి వస్తుంది. ఒక ఆదివారం సర్వీసింగని చెప్పి తీసుకెళ్ళి రీమ్యాప్ చేయించాను. గ్యారేజీ అతను లాప్‌టాప్ మూసి, "చలాకే దేఖో, భయ్యా" అన్నాడు. నడిపి చూశాను. రెండో గేరులోనే వీపు సీటుకి అతుక్కుపోయింది. ఎన్నాళ్ళకో మనసు కుదుటపడింది. ఇంటికొచ్చి మాత్రం నోరు మెదపలేదు. చెబితే వద్దంటుందని భయం, అంతే.

సోమవారం సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి ఆమె కారు పక్కనే నిలబడి ఉంది. ముందు బంపరు పగిలింది.

"వంతెన మీద జామ్. ఎప్పట్లాగే ఏక్సిలేటర్ మీద కాలు ఆనించేను. ఒక్క దూకు దూకింది. ముందు స్కూటీ మీద చంటిదాన్నెత్తుకుని ఎవరో కూర్చున్నారు. స్టీరింగ్ పక్కకి కోసేసి రెయిలింగుకి కొట్టేను." పగిలిన బంపరు వైపు చెయ్యి చూపించింది. "నాకే డ్రైవింగ్ రాకుండా పోయిందేటో అనుకుని అప్పట్నుంచి ఏడుత్తున్నాను. ఏటి చేసేరు దీనికి?"

చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగింది.

"మీ మిల్లులో మిషన్ మారిత్తే నడిపేవోళ్ళకి చెప్పరేటి?"

ఆమె తండ్రి అదే ప్లాంటులో క్రేన్ నడిపినవాడు. నాకు సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున్న స్టీరింగ్‌కి ఎర్ర ట్యాగు కట్టి ఉంది. నా బ్యాగులోంచి తీసిందే. పేరు గడిలో ఆమె పేరు. ఆమె ఆటోలో వెళ్ళింది, నేను ఎప్పట్లా బస్సులో. నాలుగు రోజులు అలాగే గడిచాయి. ఒక్క ముడి, లాగితే ఊడొస్తుంది. రోజూ కారు అద్దంలోంచి చూసేవాణ్ణి, విప్పలేకపోయేవాణ్ణి.

శనివారం అడిగాను. "పాత లెక్కలే ఎక్కించేద్దాం. ట్యాగు విప్పుతావా?"

"నేనూ వత్తాను."

ట్యాగు విప్పి డాష్‌బోర్డు మీద పెట్టింది. గ్యారేజీలో లాప్‌టాప్ పని అయ్యేదాకా కుర్చీ వేసుకుని కూర్చుంది. తిరుగుదారిలో వంతెన మీద తనే నడిపింది. బండి ఎప్పటిలా నెమ్మదిగా, బుద్ధిగా కదిలింది. ఆమె భుజాలు సడలాయి. నిజం చెప్పాలంటే నాకు దిగులేసింది. పక్క సీట్లో నా కుడికాలు, ఏక్సిలేటర్ అక్కడే ఉన్నట్టు, మ్యాట్‌ని తొక్కుతూనే ఉంది.

ఇంటి ముందు ఇంజిన్ ఆపింది. ట్యాగు చించి పారేస్తుందనుకున్నాను.

"మీ కాలు దారంతా తొక్కుతానే ఉంది, చూసేను" అంది. పేరు చెరపకుండానే దాన్ని మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.