అక్కడి పొద్దు

రిటైర్మెంట్‌కు ముందు చివరి చలికాలంలో నేను హైదరాబాద్‌లోని ఒక చార్టర్ విమానాల కంపెనీలో ఫ్లైట్ డిస్పాచర్‌ని. విమానం ఏ దారిన వెళ్లాలి, ఎంత ఇంధనం నింపాలి, ఎక్కడ దిగాలి అన్న ప్లాన్ తయారుచేసి పైలట్‌కిచ్చేవాడే డిస్పాచర్. మా వరంగల్లో ఈ ఉద్యోగం పేరు చెబితే, విమానాలకు జెండా ఊపుతావా అని ఆటపట్టించేవాళ్లు.

ఆ రోజు పని, ఈశాన్య కొండల్లోని ఒక చిన్న ఎయిర్‌పోర్ట్ నుంచి పౌలు అనే యువకుడి మృతదేహాన్ని తీసుకురావడం. డోర్నకల్ వాడు. సొరంగం పనిలో బండ మీదపడి చనిపోయాడు. పని ఇచ్చిన కంపెనీయే విమానం మాట్లాడింది. పొద్దున్నే బయలుదేరిన మా విమానం కోల్‌కతాలో ఇంధనం నింపుకుంది. కొండల మీద మబ్బు విడవక అక్కడే ఆగిపోయింది.

మధ్యాహ్నం పౌలు అన్న దావీదు సమాధుల తోట నుంచి ఫోన్ చేశాడు.

"సార్, ఫోన్ల కొట్టి చూసినం. ఆడికెల్లి వరంగల్‌కు రెండున్నర గంటలే సూపెడ్తాంది. తమ్ముడు మామునూర్ల ఎప్పుడు దిగుతడు?"

ఆ వెబ్‌సైట్లంటే నాకు ఒళ్లు మంట. రెండు పేర్లు కొడితే చాలు, పటం మీద తిన్నగా గీత గీసి, పెద్ద జెట్ వేగంతో భాగించి పడేస్తాయి. ఆ గీత బంగ్లాదేశ్ మీదుగా పోతుంది. అనుమతి లేకుంటే మేం చుట్టూ తిరగాలి. మాది చిన్న పంకాల విమానం, జెట్ వేగం ఎక్కడిది? వరంగల్ పక్కన మామునూరులో పాత రన్‌వే ఉంది కాని విమానాలు దిగడం లేదు. శంషాబాద్‌లో దించి అంబులెన్స్‌లో పంపాలి. అన్నీ చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"రాత్రయినా మంచిదే సార్, ఇయ్యాల్నే రావాలె. బొంద తీసిపెట్టినం. తీసిన బొంద రాత్రి ఖాళీగ ఉంచద్దు. ఇంకొకల్లను అడుగుతదని మా అమ్మ ఒకటే ఏడుస్తాంది."

కాసేపటికి మబ్బు విడిచింది. పైలట్ సిద్ధంగా ఉన్నాడు. కాని ఆ కొండల రన్‌వేకు దీపాలు లేవు, పొద్దుగూకాక దిగడానికి లేదు. తూర్పు కొసన పొద్దు మనకంటే చాలా ముందే గూకుతుంది. లెక్క మళ్లీ మళ్లీ వేశాను. ఎలా వేసినా సమయం చాలలేదు. ప్రయాణం మర్నాటికి మార్చి దావీదుకు చెప్పాను.

"ఏంది సార్! ఈడ ఇంకా ఎండ కొడ్తాంది గద!"

మా విమానం చేరేసరికి అక్కడ చీకటి పడుతుందని చెప్పాను. చెబుతుంటే నా ఉద్యోగం మీద నాకే అసహ్యం వేసింది. దావీదు ఫోన్ పెట్టకుండానే పక్కవాళ్లకు ఏదో చెప్పాడు. తర్వాత పారల చప్పుడు వినిపించింది. తవ్విన గొయ్యి పూడుస్తున్నారు.

మర్నాడు పౌలును తెచ్చాం. రాత్రి దావీదు ఫోన్ చేసి, "అయిపోయింది సార్. పొద్దుగాల మల్ల నేనే తవ్విన," అన్నాడు. సరే అన్నాను.

ఆ తర్వాత ప్రయాణ సమయం ఎవరడిగినా, దూరం చూడకముందే దిగేచోట పొద్దు ఎప్పుడు గూకుతుందో చూసేవాణ్ణి. కొత్తగా చేరినవాళ్లకూ అదే నేర్పాను. పద్ధతి మంచిదే. దావీదు మాత్రం ఒక్క తమ్ముడికి రెండుసార్లు గొయ్యి తవ్వాడు.