కిష్టవ్వ డాబా మీది మిషను

ఎవరింటి గిన్నె అయినా కిష్టవ్వ ఇంటికి వచ్చిందంటే దాని జాతకం మారిపోయేది. అడుగున ఏళ్లుగా పట్టిన మసిని కూడా బూడిద పెట్టి తోమి, అందులో ఇంత బెల్లమో నాలుగు సకినాలో వేసి గాని తిరిగి పంపేది కాదు. పరాయి సొమ్మును వచ్చినప్పటికంటే శుభ్రంగా అప్పగించాలన్నది ఆమె పట్టుదల. "ముసల్దాని కోసం యముడొస్తే ముందుగాల దున్నపోతును కడుగుతది" అని మనుమలు వేళాకోళం చేసేవాళ్లు. ఆమె చీపురు విసిరేది. గురి మాత్రం ఎప్పుడూ తప్పేది.

ఆమె ఇల్లు మందమర్రి శివారులో, బొగ్గును నలగ్గొట్టే ఒక ప్రైవేటు మిల్లుకు ఎదురుగా ఉంది. పొద్దున ఎండబెట్టిన వడియాలు సాయంత్రానికి మిరియాల పొడి చల్లినట్టుండేవి. పక్కిల్లు మహబూబ్‌బీది. గాజులు అమ్ముకుంటూ కొడుకును పెంచిన మనిషి. ఇద్దరూ కోడళ్లుగా వచ్చిన నాటి నుంచి గోడకు అటొకరు ఇటొకరు నిలబడి తిట్టుకుంటూ స్నేహం చేశారు. ఇప్పుడు మహబూబ్‌బీకి తిట్టడానికి ఊపిరి చాలడం లేదు. ఈ దుమ్ము ఆగకపోతే ఇంకో చలికాలం ఇక్కడ గడవదని డాక్టరు ఆమె కొడుకు యూనుస్‌కు చెప్పేశాడు.

బస్తీ అంతా కలిసి అర్జీ పెట్టగా పెట్టగా, గాలిని కొలిచే మిషనుతో రాకేశ్ అనే సర్కారు ఉద్యోగి వచ్చాడు. కిష్టవ్వ డాబాకు మెట్లు బయటి నుంచే ఉన్నాయని అక్కడ పెట్టాడు.

"గిది గాలిని గుంజుకుంటదవ్వా. లోపలి కాగితం మీద దుమ్ము పడ్తది. దుమ్ము ఎక్కువుందని తేలితే మిల్లుకు షెడ్డు కప్పాల్సిందే. జర పైలం."

'జర పైలం' అన్న జాగ్రత్త మాట తప్ప మిగతాదేదీ కిష్టవ్వ చెవికెక్కలేదు. సర్కారు సొమ్ము, తన డాబా మీద, అంత దుమ్ములో. మర్నాటి నుంచి పాత నూలు చీరను తడిపి, చంటిపిల్లకు చుట్టినట్టు మిషనుకు చుట్టబెట్టింది. డాబా అంతా ఊడ్చి నీళ్లు చల్లింది. రాకేశ్ కాగితం మార్చడానికి వచ్చే రోజు మాత్రం ముందే చీర విప్పేసేది. సొంతదారు ముందు సొమ్ముకు ముసుగెందుకని.

సాయంత్రం చీర పిండితే మోరీ నల్లగా పారేది.

"చూసినవా, ఎంత దుమ్ము ఆపిన్నో" అని గోడ మీంచి చూపించేది.

"నీ మొగనికి గూడ గింత సేవ చెయ్యకపోతివి గదనే" అనేది మహబూబ్‌బీ, మంచంలో కూర్చునే. ఆమెకు నవ్వితే దగ్గు వచ్చేది, దగ్గితే ఆయాసం. ఆ నల్లనీళ్లే తమకు కావాల్సిన సాక్ష్యమని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

మిషను తీసుకుపోవడానికి రాకేశ్ చెప్పకుండా వచ్చాడు. డాబా ఎక్కి ఆగిపోయాడు.

"గీ చీర ఎవలు కట్టిండ్రవ్వా?"

"నేనే బిడ్డా. ఒక్క నలుసు పడనియ్యలే."

అతను చీర విప్పి చేతిలో పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. కోప్పడినా బాగుండేది.

"కాగితాలు తెల్లగెందుకు వస్తున్నయో నాకు సమజ్ కాలే. లెక్కలల్ల గాలి మంచిగున్నదని తేలింది. మేం పట్టాల్సిన దుమ్మంత నువ్వు మోరీల పోసినవ్."

కిష్టవ్వ అతని చేతిలోని చీర లాక్కుంది. "మల్ల పెట్టు బిడ్డా. ఈపాలి ముట్ట."

"ఈ లెక్క చెల్లదని రాస్త. గని మిషను ఆసిఫాబాద్ పోవాలె. మల్ల మీ వంతు వచ్చేసరికి చలికాలం దాటుతది."

బస్తీలో ఎవరూ చెప్పకముందే తానే పోయి మహబూబ్‌బీకి చెప్పింది. ఆమె ఎగపోస్తూ గోడ వైపు తిరిగింది. అది కోపమో ఆయాసమో తెలియక కిష్టవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏడ్వకే" అంది చివరికి మహబూబ్‌బీ. "తోమి తోమి నా గిన్నెలకు గూడ బొక్కలు జేసినవ్. అప్పుడేమన్న అన్ననా?"

చలి మొదలుకాగానే యూనుస్ ఇంటికి తాళం వేసి, తల్లిని తీసుకుని ఆదిలాబాద్‌లో ఉన్న తన చెల్లెలి దగ్గరికి బయలుదేరాడు.

"ఆడ పత్తి జిన్నింగ్ మిల్లు పక్కనేనట ఇల్లు" అంది మహబూబ్‌బీ ఆటోలో కూర్చుంటూ. "నల్ల దుమ్ముల నుంచి తెల్ల దుమ్ములకు పోతున్న. రంగైనా మారుతది."

కిష్టవ్వ నవ్వలేకపోయింది. ఆటో కదిలేదాకా మహబూబ్‌బీ చెయ్యి వదల్లేదు. ఆ చేతి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి.

మాఘంలో యూనుస్ ఫోన్ చేశాడు. తల్లిని అక్కడే మట్టి చేశారట. ఆ రోజు కిష్టవ్వ వాకిలి కూడా ఊడ్వలేదు.

ఎండలు ముదిరాక రాకేశ్ మళ్లీ మిషను తెచ్చాడు. పోగైన జనం కిష్టవ్వ డాబా వైపు చూసి, చూపు తిప్పుకున్నారు. ఎవరో ఏదో అనబోతుంటే ఆమే ముందుకు వచ్చింది.

"మా ఇంటి మీద వద్దు బిడ్డా. మా మెట్లెక్కి అటు దాటి, మహబూబ్‌బీ డాబా మీద పెట్టు. ఆడ ఊడ్చేటోళ్లెవ్వలు లేరు."