మామ సీతాకోకచిలుకలూ మా చర్చి లిల్లీలూ

ఈ పొద్దున కూడా మామ సీతాకోకచిలుకను పంపాడు. జనగామలో నేనింకా పాలప్యాకెట్ కత్తిరించనైనా లేదు, ఫోను టింగుమంది. చూస్తే పొడుస్తున్న సూర్యుడు, ఆ సూర్యుడికి అడ్డంగా రంగురంగుల రెక్కలు, కింద 'ఆశీర్వాదకరమైన శుభోదయం'. ఇలాంటి బొమ్మ ఆయన రోజుకొకటి తప్పకుండా పంపుతాడు. గులాబీయో పావురమో వచ్చిన రోజున రెండు చేతులు జోడించిన గుర్తు పెట్టి ఊరుకుంటాను. సీతాకోకచిలుక వచ్చిన రోజు మాత్రం అక్కడికక్కడే చెరిపేస్తాను. అమ్మ తోడబుట్టినవాడు గనక ఆయన నంబరును చెరిపే వీలు లేక ఆయన బొమ్మలతో సరిపెట్టుకుంటున్నాను.

మామ తొర్రూరు దగ్గర మా ఊరి చర్చికి సంఘపెద్ద. మండలాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒక్క ఫైలునూ కదలనివ్వలేదు, రిటైరయ్యాక ఊళ్ళో ఏ వస్తువునూ ఉన్నచోట ఉండనివ్వలేదు. ఇంట్లో అందరిలాగే 'ఏందే, ఎట్లున్నవే' అని మాట్లాడే మనిషి, చర్చిలో మైకు చేతికి రాగానే 'అండీ' అనడం మొదలుపెడతాడు. టీవీలో కోస్తా బోధకుల్ని చూసి నేర్చుకున్న యాస అది. సినిమాల్లో మన మాటను వెక్కిరించినవాళ్ళ మాటే మనకు భక్తి మాట ఎలా అయిందో ఆయన్నే అడగాలి. అడిగితే దానికీ ఒక ప్రసంగం చేస్తాడని ఇంతవరకు అడగలేదు.

ఇక లిల్లీల సంగతి. చర్చి పడమటి గోడ వెంట, కుళాయిని ఆనుకొని, ఎర్ర లిల్లీల మడి ఒకటుంది. దాన్ని చూసేది మా పెద్దమ్మ. అమ్మకూ మామకూ పెద్దక్క ఆమె, బడి హాస్టల్లో వంటమనిషిగా చేసింది. మా సంఘంలో ఎవరు చనిపోయినా ఆ ఇంటివాళ్ళు ఒక లిల్లీ గడ్డ తెచ్చి ఆ మడిలో నాటుతారు. ఈస్టరు నాడు తెల్లవారుతుండగా ఎవరి గడ్డకు పూసిన పువ్వును వాళ్ళు కోసుకొని సమాధుల తోటకు తీసుకెళ్తారు. ఏ గడ్డ ఎవరిదో తెలియడానికి పేర్ల చెక్కలేమీ ఉండవు, పెద్దమ్మే చెబుతుంది. పండుగకు సరిగ్గా పూయించడం కూడా ఆమె పనే. ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసకాలం సగానికి వచ్చేదాకా మడికి చుక్క నీళ్ళు పెట్టదు, పెట్టనివ్వదు. "మనం ఉపాసముంటలేమా, అవి ఉండయా?" అనేది. ఎండి మాడిన గడ్డలకు ఒక్కసారిగా నీళ్ళు అందేసరికి ఈస్టరు వేళకు కాడలు లేచి నిలబడేవి. ఈస్టరు ఒక ఏడు ముందొచ్చి ఒక ఏడు వెనకొచ్చినా ఆమె లెక్క పెద్దగా తప్పగా నేను చూడలేదు.

వరుసలో మొట్టమొదటి గడ్డ, కుళాయి పక్కది, పెద్దమ్మ తొలి కొడుకుది. పుట్టిన వారానికే పోయాడట. పేరు కూడా పెట్టలేదు. ఉంటే నాకంటే ఒక ఏడు పెద్దవాడు, ఈపాటికి తల నెరిసి, బహుశా మామలా సంఘాన్ని వేధిస్తూ ఉండేవాడు. సమాధుల తోటలో ఒక మూల వాడికి చిన్న మట్టిదిబ్బ ఉండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ మూల మొత్తం తారు కిందికి పోయింది. పెద్ద సమాధులున్నవాళ్ళు గొడవ చేసి తమవి నిలుపుకున్నారు. మట్టిదిబ్బ కోసం ఎవరు గొడవ చేస్తారు? అప్పటినుంచి ఈస్టరు నాడు అందరూ పూలు కోసుకొని వెళ్ళిపోయాక ఆ మొదటి గడ్డ పువ్వు ఒక్కటే మడిలో నిలబడి ఉండేది. తీసుకెళ్ళి పెట్టడానికి చోటు లేదు గనక పెద్దమ్మ దాన్ని కోసేది కాదు. కాసేపు పక్కన కూర్చొని, లేచి వంటకు వెళ్ళేది. వాడు ఈ భూమ్మీద ఉన్నాడనడానికి ఆ గడ్డ తప్ప ఆమెకు వేరే ఏమీ మిగల్లేదు.

కరోనా తగ్గిన మరుసటి ఏడు, వానలు పడ్డాక, ఆ మడి మీదికి రెక్కల పురుగులొచ్చాయి. అందంగా ఉన్నాయని ఒప్పుకోవాలి. నలుపు, ఎరుపు, పసుపు చుక్కలతో అద్దకం చీర ముక్కల్లా ఆకుల మీద పట్టపగలే వాలి కూర్చునేవి. పెద్దమ్మ కూడా మురిసింది. కొన్నాళ్ళకు ఆకుల అడుగున గుడ్లు, ఆ తర్వాత తెల్ల చుక్కలూ నారింజ చుక్కలూ ఉన్న నల్లటి పురుగులు కనిపించాయి. నేను ఇన్నేళ్ళూ పిల్లలకు జీవశాస్త్రం చెప్పి బతికినదాన్ని. ఆదివారం ఊరికి వెళ్ళి ఒక ఆకును చీల్చి చూశాను. పురుగులు పైన ఆకు తిని ఊరుకోవడం లేదు, ఆకు మొదట్లోంచి తొలుచుకుంటూ గడ్డలోకి దిగుతున్నాయి. ఏరి సబ్బునీళ్ళలో వెయ్యమని పెద్దమ్మకు చెప్పాను, ఇద్దరం బకెట్టు పట్టుకొని మొదలుపెట్టాం.

సరిగ్గా అప్పుడే ఆరాధన మొదలైంది. కిటికీలోంచి మమ్మల్ని చూసిన మామకు ఆ రోజు ప్రసంగం దొరికింది. పాస్టరు చేతిలోంచి మైకు అందుకొని, "ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ పురుగును చూడండి. ఈరోజు మట్టిలో పాకుతుందండీ. రేపు సమాధిలాంటి గూట్లో పడుకుంటుందండీ. ఎల్లుండి రెక్కలతో లేస్తుందండీ! పునరుత్థానమంటే ఇదేనండీ!" అన్నాడు. జనం ఆమెన్ అన్నారు. మా జనం 'అండీ'తో ముగిసిన దేనికైనా ఆమెన్ అంటారు. అక్కడితో ఆగినా బాగుండేది. దేవుని స్థలంలో ఆ పురుగును ఎవరూ చంపరాదని కమిటీ చేత తీర్మానం కూడా చేయించాడు. సండే స్కూలు పిల్లల్ని వరుసగా తీసుకొచ్చి పురుగుల్ని చూపించి చప్పట్లు కొట్టించాడు. కంచే చేను మేయడమంటే ఏమిటో నాకు ఆ రోజు ప్రత్యక్షంగా తెలిసింది.

"మామా, గది సీతాకోకచిలుక కాదు. గది లిల్లీలను తినే రెక్కల పురుగు. గడ్డలల్లకు పోతున్నది," అన్నాను.

"నీకన్నీ సైన్సే. జర విశ్వాసం కూడ ఉండాలె," అన్నాడు, మైకు లేదు గనక మామూలు మాటలో.

పెద్దమ్మ బకెట్టు కింద పెట్టలేదు. "తమ్మీ, లేసేటోళ్ళు లేసినప్పుడు లేస్తరు. వీటిని తిననిస్తె ఎట్లరా?" అంది.

"అక్కా, కమిటీ చెప్పినంక నువ్వు గిట్ల చేస్తె నా ఇజ్జత్ ఏం గావాలె?"

పెద్దమ్మ చదువుకున్న తమ్ముడి ఇజ్జత్‌కు జీవితమంతా విలువిచ్చిన మనిషి. బకెట్టు తీసుకొని ఇంటికొచ్చేసింది. ఆ దారి పొడుగునా నేను మామను తిట్టని తిట్టు లేదు.

నెల తిరక్కుండా మడి మోడైంది. ఆకులన్నీ మొదలంటా పోయి, గడ్డలు మట్టి పైన బోడిగా కనిపించాయి. అప్పుడు మామకు విశ్వాసం చాలక భయం పట్టుకుంది. దిష్టి తగిలిందేమో, బూడిద గుమ్మడికాయ కట్టిద్దామా అని సంఘపెద్ద నా చెవిలో అడిగాడు. నేను నవ్వేసరికి రోషపడి, మిరపచేనున్న స్నేహితుడి దగ్గరికి పోయి, మిగిలిపోయిన పురుగుమందు సీసాలు మూడు తెచ్చాడు. మూడిటినీ ఒకే డబ్బాలో కలిపాడు. మా వైపు మిరప రైతుకు ఒక మందు మీద నమ్మకం ఉండదు, అది వేరే కథ. ముక్కుకు తువ్వాలు కట్టుకొని మడంతా తడిసేలా కొట్టాడు. లోపలున్న పురుగుకు తల కూడా తడవలేదు. ఆ మట్టిని కెలికి పురుగు గూళ్ళను ఏరుకుతింటున్న పాస్టరమ్మ కోళ్ళు మాత్రం సాయంత్రానికి తలలు వేలాడేశాయి, రెండు చచ్చిపోయాయి. చర్చి ఆవరణలో నిజంగా పనిచేస్తున్నవి ఆ కోళ్ళే. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారని విన్నాను గానీ, పట్టుకున్న ఆకులకు కూడా నిప్పు పెట్టేవాణ్ణి మామనే చూశాను.

ఇక గడ్డలన్నీ తవ్వి తియ్యడం తప్ప దారి లేదు. దసరా సెలవుల్లో నేనూ పెద్దమ్మా గడ్డపార పట్టుకొని కూర్చున్నాం. తవ్వి తీసి, కుళ్ళిన పొరలు కోసేసి, పురుగులుంటే సబ్బునీళ్ళలో వేసి, కోసినచోట బూడిద అద్ది, చాప మీద మడిలో ఉన్న వరుసలోనే పేర్చుకుంటూ వచ్చాం. చాలావరకు నయమే. సగం పోయినవి కూడా మిగతా సగంతో బతికేలా ఉన్నాయి. మొదటి గడ్డను పెద్దమ్మ ఆఖరుకు ఉంచింది. దాన్ని తీసి చేతిలో పట్టుకోగానే లోపలికి నలిగిపోయింది, అంతా డొల్ల. వేలితో నొక్కితే బలిసిన పురుగొకటి తాపీగా బయటికొచ్చింది. పెద్దమ్మ దాన్ని బకెట్టులో వేసి, ఆ డొల్లను ఒళ్ళో పెట్టుకుంది. ఏడవలేదు. నాకు మాత్రం అరవై ఏళ్ళ వయసులో, చర్చి నడివాకిట్లో, ఏడుపొచ్చింది.

"ఏమన్న ఉన్నదా బిడ్డా దీంట్ల?" అంది.

తిప్పి చూశాను. అడుగున వేళ్ళు పుట్టేచోట బిళ్ళంత భాగం ఇంకా గట్టిగా, తెల్లగా ఉంది. అది బతికితే పక్కనుంచి పిలక పుడుతుందని, కానీ పువ్వు పూసేంత గడ్డ కావాలంటే మూడు నాలుగు ఎండాకాలాలు పడుతుందని చెప్పాను. "పట్టనియ్యి," అంది. ఆ ముక్కను కొంగున కట్టుకుంది.

మేము చేతులు కడుక్కొని వచ్చేసరికి మామ చాప దగ్గర నిలబడి ఉన్నాడు. సాయం చేద్దామని బుద్ధి పుట్టిందట. గడ్డలన్నిటినీ పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు, నడిమివి మధ్యలో, కొలతల ప్రకారం చక్కగా సర్ది పెట్టాడు. "ఎంత గడబిడగ పెట్టిండ్రే, ఇప్పుడు జూడు," అన్నాడు గర్వంగా. ఊళ్ళో చచ్చిపోయిన ప్రతి మనిషినీ ఆయన ఆ కాస్సేపట్లో కలిపేశాడు. అలా కలపొద్దనే వరుస తప్పకుండా పెట్టామని నేను అరిస్తే, తన తప్పేమీ లేదని, మాదే చెప్పకపోవడమని వాదించాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. తిరిగి నాటాక ఆ వచ్చే ఈస్టరుకు పూసిన కొన్ని పూలను ఎవరికి చేతికొచ్చింది వాళ్ళు తీసుకెళ్ళి తమవాళ్ళ సమాధుల మీద పెట్టారు. లోపలున్నవాళ్ళెవరూ అభ్యంతరం చెప్పలేదు. ఫలానావాళ్ళదని తెలిసిన గడ్డ, పెద్దమ్మ కొంగున ఉన్న ఆ బిళ్ళ ఒక్కటే.

దాన్ని ఆమె పగిలిన బిందెలో ఇసుకా మన్నూ కలిపి నాటి, ఇంటి అరుగు మీద పెట్టింది. రెండు నెలలు ఏమీ లేదు. ఒకరోజు ఫోను చేసి, "మొలిసిండు," అంది. ఎవరని అడగబోయి ఆగాను. గడ్డిపోచంత మొలకట. ఆ రోజునుంచి ఎప్పుడు ఫోను చేసినా మొదటి కబురు అదే. "రొండో ఆకేసిండు." "వానకు తడిసిండు, లోపట పెట్టిన." "ఎండకు జర వడిలిండు, పొద్దటిసంది నాకు మనసున పడ్తలేదు." రోజూ ఆకుల్ని ఎత్తి అడుగున గుడ్లున్నాయేమోనని కళ్ళద్దాలు పెట్టుకొని వెతికేది. చుట్టుపక్కల ఆడవాళ్ళు కొందరు నవ్వారు, కొందరు అడిగారు. అడిగినవాళ్ళకు ఆమె తన తొలికాన్పు సంగతి చెప్పింది. అరవై ఏళ్ళుగా మా ఇంట్లో ఎవరూ ఎత్తని ముచ్చట అది. వారం రోజుల బిడ్డ గురించి చెప్పడానికి ఎవరి దగ్గరైనా ఏముంటుంది? ఇప్పుడు ఆమె దగ్గర రోజూ ఏదో ఒకటి ఉంటోంది.

మామకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. ఆ బిందెలో ఉన్నది ఉల్లిపాయ అనుకుంటున్నాడు. చెబితే మరుసటి ఆదివారమే మైకు పట్టుకొని, చూశారాండీ, నేనానాడే చెప్పానుగదండీ అంటాడు. పురుగు తిన్న గడ్డలోంచి లేచిన మొలక ఆయన ప్రసంగానికి అతికినట్టు సరిపోతుంది, నా మంట కూడా అదే. ఆయన మాటే ఒప్పయిందనిపించేకంటే నేను నోరు కుట్టుకుంటాను.

పోయిన ఎండాకాలం అది పూసింది. ఈస్టరు దాటిపోయాక, తీరిగ్గా. నేను జనగామ నుంచి బస్సెక్కి వెళ్ళాను. అరుగు మీద పెద్దమ్మ బిందె పక్కన గోడకానుకొని కూర్చొని ఉంది. ఈమధ్య ఆమె చేతులు వణుకుతున్నాయి, అయినా ఆకుల మీది దుమ్ము తనే తుడుస్తుంది. ఒకే కాడ, రెండు ఎర్రటి పూలు. చాలాసేపు ఇద్దరం చూశాం.

"పూసింది గద పెద్దమ్మా. ఇగ తీస్కపోయి చర్చికాడ మడిల పెడ్దమా?" అన్నాను.

పెద్దమ్మ బిందెను తనవైపు కొంచెం జరుపుకుంది.

"ఇంకొన్నొద్దులు ఇంట్లనే ఉండనియ్యి బిడ్డా. ఇప్పుడే గద పెద్దోడైండు."

మా అందరినీ పెంచి, తలలు నెరిపించి, రిటైరు చేసిన కాలం వాడి దగ్గర మాత్రం ఒక్క వారం నడిచి ఆగిపోయింది. మళ్ళీ నడక మొదలుపెట్టేసరికి వాడి తల్లికి ఎనభై దాటాయి.