ఖర్చుల పట్టికలో లేని కూలి

సిరోంచలో మా ఇంట్లోనే కూర్చుని, ప్రాణహిత మీద పడవ నడిపే వీడియో గేమ్ ఒకటి మూడేళ్లు తయారు చేశాను. మొదలుపెట్టే ముందే, దాన్ని విడుదల చేసే పుణె పబ్లిషర్ ఖర్చుల పట్టిక అడిగాడు. బొమ్మలకు, సంగీతానికి, కంప్యూటర్‌కు ఎంతెంత కావాలో రాసి పంపితే ఆ డబ్బు ఇచ్చాడు. అమ్మకాల్లోంచి అదంతా అతనికి తిరిగి వచ్చాకే నా వాటా మొదలవుతుందని ఒప్పందం.

గేమ్ విడుదలైన ఏడాదికి, తన పెట్టుబడి పూర్తిగా వచ్చేసిందని మెయిల్ పెట్టాడు. సంబరంగా అక్క పొలానికి వెళ్లి చెప్పాను. నాటు వేస్తున్న అక్క నడుం ఎత్తకుండానే అడిగింది.

"మరి నీకెంత వచ్చింది తమ్మీ?"

"నాకింక ఏం రాలే. పెట్టుబడి ఎల్లింది."

"మూడేండ్లు కూసున్నవ్ గదా. నీ కూలి రాయలేదా?"

నాకు ఒళ్లు మండింది. "విత్తనం రాస్తవ్, ఎరువు రాస్తవ్, ట్రాక్టర్ కిరాయి రాస్తవ్. నీ కూలి ఎన్నడన్న రాసినవా?"

అక్క నారు కట్ట పట్టుకుని నడుం ఎత్తింది. "ఇంటోళ్లకు కూలేంది తమ్మీ" అని మళ్లీ వంగింది. నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది. ప్యాంటు మడిచి నేనూ మడిలోకి దిగాను.

రెండో గేమ్ పట్టికలో మొదటి వరుసలోనే నా కూలి రాశాను. ఈసారి ఖర్చు ఇంత పెరిగిందేమని పబ్లిషర్ అడిగాడు.

పెరగలేదు, పోయినసారీ ఇంతే అయింది, మిగతాది నేనే భరించాను అని జవాబు రాశాను.